కుడూ వేటకెళ్లే ముందు మన కాలవ గట్టు మీదే నేర్చుకోవాల్సినవి కొన్ని

మా అక్క కొడుకు, వాడి ఫ్రెండూ వచ్చే జూన్‌లో ఆఫ్రికాలోని నమీబియా వస్తున్నారు, నేను సోలార్ ప్లాంట్ పని మీద ఆరేళ్లుగా ఉంటున్న చోటికే. నేను సెలవుకి ఊరొచ్చిన దగ్గర్నుంచి రోజూ సాయంత్రం అంబాజీపేట కాలవ గట్టు మీద కూర్చోవడం, "మావయ్యా, కుడూ వేటకి తీసుకెళ్తావా, ఏం తెచ్చుకోవాలి, ఎలా కొట్టాలి" అని ఒకటే అడగడం. కుడూ అంటే అక్కడి అడవుల్లో ఉండే పెద్ద జింక లాంటి జంతువు, మగదానికి మెలికల కొమ్ములుంటాయి. నాలుగు సాయంత్రాలు చెప్పాను, అయినా సగం మిగిలిపోయింది, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నాను, ఆ వైపు ఉద్యోగాలకి వెళ్లే మనోళ్లు ఇంకెవరికైనా పనికొస్తుందని.

ముందు ఒక మాట అండి. ఇదంతా అక్కడి సంగతి. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం, కృష్ణజింక అయితే మన రాష్ట్ర జంతువు కూడా. ధవళేశ్వరం దగ్గర లంకల్లో కృష్ణజింకలున్నాయి, వరదొచ్చినప్పుడు పాపం అవి మెరక వెతుక్కుంటూ గట్ల మీదకి వచ్చేస్తాయి, అలాంటప్పుడు కుక్కల్ని దూరంగా ఉంచి ఫారెస్టు వాళ్లకి ఫోన్ చెయ్యడం ఒక్కటే మన పని. నమీబియాలో వేటాడొచ్చావు కదా, ఇక్కడ కూడా ఏముందిలే అని ఎవరైనా అంటే వాళ్లతో నాకు మాటల్లేవు.

మరి అక్కడెందుకు కుదురుతుందంటే, నమీబియాలో 1967 నుంచే తమ భూమిలో ఉన్న అడవి జంతువుల మీద రైతులకి హక్కు ఇచ్చారు, 1996లో ఊరి ఉమ్మడి భూముల్లో ఉండే జనాలకి కూడా కన్సర్వెన్సీలు, అంటే అడవి జంతువుల్ని ఊరంతా కలిసి చూసుకునే సంఘాలు, పెట్టుకుని ఆ హక్కు వాడుకునే వీలు ఇచ్చారు. దాంతో కుడూ అంటే ఆవుల మేత తినేసే దొంగ అనుకున్న రైతే దాన్ని కాపాడటం మొదలెట్టాడు, ఎందుకంటే అది బతికుంటేనే ఆయనకి డబ్బు. అన్ని దేశాల్లో ఇలా లేదు. కెన్యాలో 1977 నుంచి వేట నిషేధం, బోట్స్వానాలో 2014లో ఆపేసి 2019లో మళ్లీ తెరిచారు. కాబట్టి ఆఫ్రికా అంటే ఒకటే రూలు అనుకోకండి, వెళ్లే ఏడాదిలో ఆ దేశం ఏమంటుందో చూసుకోండి.

నమీబియాలో బయటి దేశం వాళ్లు ట్రోఫీ వేటకి, అంటే కొమ్ములో తలో గుర్తుగా ఉంచుకునే వేటకి, వెళ్తే రిజిస్టరైన హంటింగ్ గైడ్ గానీ ప్రొఫెషనల్ హంటర్ గానీ పక్కన ఉండి తీరాలి, పర్మిట్ ఆయనే తీయిస్తాడు, అది చేతికొచ్చాకే అడుగు బయటపెట్టాలి. సీజన్ ఫిబ్రవరి 1 నుంచి నవంబర్ 30 దాకా. రైఫిల్ ఇక్కడి నుంచి పట్టుకెళ్లే ఆలోచనే వద్దు, వేట జరిగే ఫామ్‌లో అద్దెకిస్తారు. కుడూకి బుల్లెట్ శక్తి కనీసం 2700 జూల్స్ ఉండాలని అక్కడి రూలు, అంటే రైఫిల్ రకాల్లో త్రీ నాట్ ఎయిట్ (.308) గానీ థర్టీ ఆట్ సిక్స్ (.30-06) గానీ హాయిగా సరిపోతాయి, టూ ఫార్టీ త్రీ (.243) ఆ గీత దగ్గరే కొట్టుమిట్టాడుతుంది, దాన్ని చిన్నవాటికి ఉంచండి. పెద్ద రైఫిల్ అయితే పెద్ద జంతువు పడిపోతుందనుకుంటారు గానీ, భుజం మీద తన్నే దెబ్బకి భయపడి కళ్లు మూసుకుని నొక్కే త్రీ హండ్రెడ్ మాగ్నమ్ కన్నా, నింపాదిగా నొక్కగలిగే త్రీ నాట్ ఎయిట్ ఎంతో మేలు.

డబ్బుల సంగతి ముందే మాట్లాడుకోండి. పెద్ద కొమ్ముల మగ కుడూకి ట్రోఫీ ఫీజు వేల డాలర్లలోనే ఉంటుంది, మాంసం కోసం ఆడదాన్ని కొడితే బాగా తక్కువ. ఇంకోటి, రక్తం చుక్క కనపడితే చాలు, జంతువు దొరికినా దొరక్కపోయినా పూర్తి ఫీజు కట్టాలి. దాదాపు ప్రతి ఫామ్‌లో ఇదే పద్ధతి. ఇది న్యాయమే అని నా ఉద్దేశం, ఎందుకో కింద చెప్తాను.

ఇక ఇంటి దగ్గర చెయ్యాల్సిన ప్రాక్టీసు. తుపాకీ లేకుండా ఏం ప్రాక్టీసు అనకండి, సగం పని తుపాకీ లేకుండానే అవుతుంది.

అక్కడ వేటలో బెంచీ మీద పెట్టి కాల్చడం ఉండదు, నిలబడి మూడు కాళ్ల కర్రల మీద రైఫిల్ ఆనించి కాలుస్తారు, షూటింగ్ స్టిక్స్ అంటారు. మా వాళ్లిద్దరికీ నేను ఆరడుగుల వెదురు కర్రలు మూడు తీసి పైన జానెడు వదిలి సైకిల్ ట్యూబు ముక్కతో చుట్టి కట్టిచ్చాను, దాని మీద రోకలంత బరువు కర్ర పెట్టి గురి చూడ్డం. చెప్పుకోడానికి చిన్న పనే గానీ, నడుస్తూ నడుస్తూ ఆగి, చప్పుడు లేకుండా కర్రలు విప్పి, కర్ర ఆనించి, అవతలి గట్టు మీద కొబ్బరి చెట్టు మొదట్లో ఉన్న సున్నం గీత మీదకి కదలకుండా నిలపడానికి మొదటి రోజు వాళ్లకి అర నిమిషం పైనే పట్టింది. కుడూ అంతసేపు నిలబడదు. పది సెకన్లలోకి రావాలి. ఊపిరి సగం వదిలి ఆపి, వేలు కొసతో మెల్లగా నొక్కడం కూడా కర్రతోనే అలవాటు చేసుకోవచ్చు, నొక్కాక కూడా తల ఎత్తకుండా రెండు అంకెలు లెక్కపెట్టాలి, చాలామంది గురి తప్పేది ఏం జరిగిందో చూద్దామని ఆ క్షణంలోనే తల లేపేసి.

రెండోది, ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టు దగ్గరకి వెళ్లండి. కూర కోసం కాదు, మేక కోసేటప్పుడు గుండె ఎక్కడుందో చూడ్డానికి. కొట్టతన్ని అడిగితే చూపిస్తాడు. జబ్బకి బాగా వెనకాల ఎక్కడో ఉంటుందనుకుంటాం, కాదు, ముందు కాళ్ల రెండింటి మధ్యలో, కిందకి, రొమ్ముకి దగ్గరగా ఉంటుంది, దాని మీదా వెనకా ఊపిరితిత్తులు, వాటి వెనక పల్చటి పొర, ఆ వెనక కార్జం, ఆ వెనక పొట్ట. కుడూలో కూడా అంతే, ఇంకా ముందుకే ఉన్నట్టుంటుంది. కాబట్టి జంతువు అడ్డంగా నిలబడితే, ముందు కాలు వెంట గీత పైకి తీసుకెళ్లి ఒళ్లు ఎత్తులో కింద నుంచి మూడో వంతు దగ్గర ఆపండి, అదే చోటు. మా పాకలో ఉన్న గేదె పడ్డ జబ్బ మీద సున్నంతో చుక్క పెట్టి దాని చుట్టూ తిప్పి తిప్పి చూపించాను వాళ్లకి. పడ్డ కాస్త మన వైపు తిరిగితే ఆ చుక్క ఎక్కడికి పోవాలి, కాస్త అవతలికి తిరిగితే ఎక్కడికి పోవాలి. లెక్క ఏంటంటే, కనిపించే చర్మం మీద కాదు గురి, లోపల గుండె మీద గురి, అవతలి వైపు ఏ కాలు దగ్గర బుల్లెట్ బయటికొస్తుందో ముందే ఊహించుకోవాలి. ఎదురుగా మన వైపు తిరిగున్నదానికి జబ్బ వెనకాల కొడితే అది పొట్టలోకే పోతుంది.

ఇది నాకు పుస్తకంలో తెలిసింది కాదు. నా రెండో ఏడాది, జులైలో, సాయంత్రం ఐదున్నరకి ఒక మంచి మగ కుడూ, రెండున్నర మెలికలు తిరిగిన కొమ్ములు, నూట ఇరవై మీటర్లలో తుమ్మ చెట్టు పక్కన నిలబడింది, కాస్త నా వైపుకి తిరిగి. నేను జబ్బ వెనకాలే కొట్టాను. అది వీపు వంచి, తోక ముడుచుకుని మెల్లగా పొదలోకి నడిచింది, అలా వీపు వంచిందంటేనే పొట్టలో తగిలిందని అర్థం, నాకు తెలీదు. మా ట్రాకర్, అంటే జాడ పట్టే పెద్దాయన, అక్కడ పెద్దవాళ్లని ఊమ్ అంటారు, మనం బాబాయ్ అన్నట్టు, ఆయన చెయ్యి అడ్డం పెట్టి కూర్చోమన్నాడు. నేను వినలేదు, పరిగెత్తాను. పడుకోబోయిన జంతువు నన్ను చూసి లేచి ఇంకో రెండు కిలోమీటర్లు పోయింది, చీకటి పడిపోయింది. పొద్దున్న దొరికింది, వెనక తొడ సగం నక్కలు తినేశాయి, మాంసం పనికిరాలేదు. గడ్డి మీద ఎక్కడెక్కడ పడుకుని లేచిందో ఊమ్ ఒక్కొక్క చోటా చూపించాడు, నాలుగు చోట్ల, రాత్రంతా. ఒక్క మాట అన్లేదు. అందుకే ఆ ఫీజు న్యాయమే అన్నాను, అందుకే మా వాళ్లకి పడ్డ చుట్టూ అన్నిసార్లు తిప్పి చూపిస్తున్నాను.

సరే, అక్కడికి చేరాక. జూన్ జులై మంచిది, వానలుండవు, ఆకు రాలిపోతుంది కాబట్టి కనిపిస్తుంది, నీళ్లు కొన్ని చోట్లే ఉంటాయి, ఇంచుమించు అప్పుడే మగవి ఆడవాటి మందల్లోకి వస్తాయి, మిగతా రోజుల్లో మగవి వేరేగా తిరుగుతాయి. కానీ చలి. మన డెల్టా వాళ్లకి అర్థం కాని చలి, నడి నమీబియా అంతా వెయ్యిన్నర మీటర్ల ఎత్తున ఉంటుంది, తెల్లారుజామున సున్నాకి పడిపోతుంది, పదింటికల్లా ఎండ చుర్రుమంటుంది. కాబట్టి పొరలు పొరలుగా వేసుకోండి, ఆకుపచ్చో మట్టి రంగో, రాసుకుంటే చరచరమనే నైలాన్ జాకెట్లు వద్దు, ఊలుదో మెత్తటి కాటనో. ముళ్లు ఉంటాయి, అలాంటిలాంటి ముళ్లు కాదు, మన రేగు చుట్టమే ఒకటుంది, ఒక ముల్లు తిన్నగా, పక్కది వెనక్కి వంకరగా, పట్టుకుంటే వదలదు, వాళ్లు దానికి కాస్త ఆగు అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. లాగితే చొక్కా చిరుగుతుంది, వెనక్కి ఒక అడుగు వేసి విడిపించుకోవాలి. సాయంత్రం రాగానే ఒళ్లంతా పిడుదుల కోసం వెతుక్కోండి, అవి కరిస్తే జ్వరం వస్తుంది.

మొదటి పూట వేటకి వెళ్లకండి, అద్దె రైఫిల్‌తో 100 మీటర్లలో కాగితం మీద మూడు కాల్చి చూసుకోండి, తర్వాత స్టిక్స్ మీద నుంచి ఇంకో అయిదారు. 100 మీటర్లకి గురి సరిచేసిన థర్టీ ఆట్ సిక్స్ 200 మీటర్లలో ఇంచుమించు అరచెయ్యి వెడల్పు కిందకి దిగుతుంది. కొత్తవాళ్లు నూట యాభై దాటి కాల్చొద్దు, దగ్గరికెళ్లడమే వేట.

కుడూని వెతకడం ఎలాగంటే, కుడూని వెతక్కూడదు. ఒంటి నిండా బూడిద రంగు మీద సన్నటి తెల్ల చారలు, కదలకుండా నిలబడితే ముప్పై అడుగుల్లో ఉన్నా పొదలాగే ఉంటుంది. బైనాక్యులర్స్‌తో పొద లోపలికి చూడాలి, పొద మీదకి కాదు. చెవి ఒకటి ఆడుతుంది, కొమ్ము కొస తెల్లగా మెరుస్తుంది, రెండు కళ్ల మధ్య తెల్ల గీత, చెట్లన్నీ నిలువుగా ఉంటే ఒకచోట అడ్డంగా వీపు గీత, ఆ ముక్క దొరికితే జంతువు మొత్తం అక్కడే ఉంది. కాలవలో గేలం వేసి బెండు వైపు చూస్తూ కూర్చున్నోళ్లకి ఈ చూపు తొందరగా వస్తుంది, నిజంగా చెప్తున్నాను, మొత్తం నీళ్లు చూడం కదా, నీటిలో తేడా చూస్తాం. తెల్లారాక రెండు గంటలు, పొద్దుగూకే ముందు రెండు గంటలు మేస్తాయి, మిట్ట మధ్యాహ్నం కొండ వాలులో దట్టమైన నీడలో పడుకుంటాయి, అప్పుడు పొదల్లో దూరి లేపితే తోక తెలుపు కనిపిస్తుందంతే.

గాలి అన్నిటికన్నా ముఖ్యం. చిన్న సీసాలో జల్లించిన బూడిద పట్టుకెళ్లండి, అయిదు నిమిషాలకోసారి నొక్కి బూడిద ఎటు పోతుందో చూడండి. గాలి మన మొహానికి కొట్టాలి. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు గాలి వాలు నుంచి కిందకి దిగుతుంది, ఎండెక్కాక పైకి లేస్తుంది, కాబట్టి పొద్దున్న వచ్చిన దారినే పదకొండింటికి వెళ్తే మన వాసన ముందెళ్లి చెప్పేస్తుంది. దాని చెవులు అరచెయ్యి కన్నా పెద్దవి, ఎటు కావాలంటే అటు తిరుగుతాయి, ఎండాకు మీద ఒక అడుగు చాలు. పసిగట్టిందంటే గట్టిగా మొరిగినట్టు ఒక అరుపు అరుస్తుంది, మొదటిసారి విన్నప్పుడు కుక్క అనుకున్నాను, ఆ అరుపు వినపడిందంటే ఆ మంద ఆ పూటకి అయిపోయినట్టే. కంచెలు అడ్డం కాదు దానికి, మనిషెత్తు దాటి దూకేస్తుంది. అయితే ఒక అలవాటుంది, కొద్ది దూరం పరిగెత్తి ఆగి వెనక్కి తిరిగి చూస్తుంది, చాలాసార్లు. కర్రలు అప్పటికే నిలబెట్టి ఉంటే ఆ రెండు మూడు సెకన్లు మీవి, లేకపోతే వదిలెయ్యండి.

ఏది కొట్టాలో గైడ్ చెప్తాడు, అయినా మీరూ నేర్చుకోండి. కొమ్ములు మగవాటికే. రెండున్నర మెలికలు పూర్తవడానికి ఆరేళ్లు పడుతుంది, అంతకన్నా తక్కువున్నది పిల్లే, ఎంత పెద్దగా కనిపించినా. ముసలిదానికి మెడ లావెక్కి, కొమ్ము కొసలు అరిగి దంతంలా ఉంటాయి. ముసలిదాన్ని కొడితే మందకి నష్టం తక్కువ.

కాల్చగానే బోల్ట్ లాగి రెండో బుల్లెట్ ఎక్కించండి, చూస్తూ ఉండండి, ఏ చెట్టు దగ్గర నిలబడిందో, ఏ చెట్టు పక్క నుంచి పోయిందో గుర్తుపెట్టుకోండి. తర్వాత కూర్చోండి. పదిహేను ఇరవై నిమిషాలు. ఆ తర్వాత రక్తం చూడండి: లేత ఎరుపు, నురుగుతో ఉంటే ఊపిరితిత్తులు, వంద మీటర్లలోపే దొరుకుతుంది. చిక్కగా నల్లగా ఉంటే కార్జం, ఇంకో గంట ఆగాలి. పచ్చగా మేత కలిసి వాసనొస్తే పొట్ట, చాలాసేపు ఆగాలి, ట్రాకర్ ఎలా చెప్తే అలా, అక్కడ మీ మాట ఉండకూడదు. పడున్నదాని దగ్గరకి వెనక నుంచి వెళ్లి పొడుగాటి కర్రతో కంటిని తాకండి, రెప్ప వేస్తే ఇంకా ప్రాణం ఉన్నట్టు, వెంటనే ఇంకోటి కొట్టాలి.

జర్మన్ మూలాల వాళ్ల ఫాముల్లో ఒక ఆచారం ఉంది, పక్క చెట్టు రెమ్మ ఒకటి విరిచి దాని నోట్లో పెడతారు, ఆఖరి ముద్ద అని. టోపీ తీసి ఒక నిమిషం నిలబడతారు. ఫోటోలు ఆ తర్వాతే.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. నమీబియా కుడూలకి 1977 నుంచి రేబిస్ ఉంది, కుక్క కరిచి కాదు, ఒకదాని చొంగ ఇంకోదానికి తగిలి మందల్లోనే పాకింది, వేలకొద్దీ చచ్చిపోయాయి. మనిషిని చూసి పారిపోకుండా దగ్గరికొచ్చే కుడూ, చొంగ కార్చేది, ఇంటి పెరట్లోకి వచ్చేసేది కనపడితే ముచ్చటపడి దగ్గరకి వెళ్లకండి, రైతుకి చెప్పండి. కొట్టిన దాని నోరు, తల పట్టుకునేటప్పుడు కూడా గ్లవ్స్ వేసుకోండి.

అక్కడ వేటాడే మిగతా జంతువుల గురించి కొంచెం. జెమ్స్‌బాక్, ఓరిక్స్ అంటారు, ఆడదానికీ మగదానికీ కొమ్ములుంటాయి, ఆడదానివే సన్నగా పొడుగ్గా ఉంటాయి, గాయపడితే ఆ కొమ్ములతో సింహాన్నయినా పొడుస్తుంది, ఎదురుగా వెళ్లొద్దు. నీలి విల్డ్‌బీస్ట్ మొండి ప్రాణం, గుండె ఇంకా కిందకి ఉంటుంది, మొదటి దెబ్బ సరిగ్గా పడకపోతే రోజంతా నడిపిస్తుంది. ఇంపాలాలు గుంపుగా నిలబడతాయి, వెనకాల ఇంకోటి ఉందా లేదా చూడకుండా కొడితే ఒకే బుల్లెట్‌కి రెండు తగులుతాయి. ఈలాండ్ మగది 900 కిలోల దాకా పెరుగుతుంది, నడుస్తుంటే మోకాళ్ల దగ్గర టక్ టక్ మని చప్పుడొస్తుంది, దాని వెనక పొద్దున్న మొదలెడితే సాయంత్రం దాకా నడకే. స్ప్రింగ్‌బాక్ చిన్నది, బయలు భూముల్లో ఉంటుంది, చనిపోయేటప్పుడు వీపు మీద తెల్ల వెంట్రుకలు విసనకర్రలా విచ్చుకుంటాయి, అక్కడ ముక్కు పెట్టి చూస్తే తేనె వాసన. మొదటిసారి చూసినప్పుడు నాకు చాలాసేపు మాట రాలేదు.

తర్వాత పని త్వరగా చెయ్యాలి. గంటలోపు పొట్ట తీసెయ్యాలి, పొట్ట సంచి తెగకుండా, తెగితే మాంసమంతా కంపు. మగ కుడూ రెండు వందల కిలోల పైనే, ఎండెక్కితే లోపల వేడికే పాడైపోతుంది. తల గోడకి పెట్టించుకుందామనుకుంటే గొంతు కొయ్యకూడదు, జబ్బల వెనక నుంచి చర్మం కొయ్యాలి. కొమ్ములు ఇండియా తెచ్చే ఆలోచన మాత్రం పెట్టుకోకండి, కస్టమ్స్‌తో, వన్యప్రాణి కాగితాలతో పడలేరు, నావి ఆ ఫామ్ గోడ మీదే ఉన్నాయి. పేగులు, తల, కాళ్లు పనివాళ్లకి వెళ్తాయి, బోటీ విలువ వాళ్లకీ తెలుసు.

కార్జం ఆ సాయంత్రమే మిరియాలేసి వేపుకోండి. మాంసానికి కొవ్వు అస్సలుండదు, మన మటన్‌లా పెద్ద మంట మీద పెడితే చెక్క అయిపోతుంది, ముందు రాత్రి పెరుగు, అల్లం, పచ్చి బొప్పాయి పట్టించి, నూనె కాస్త ధారాళంగా పోసి సన్నటి సెగ మీద రెండున్నర గంటలు. ఇంటి నుంచి పట్టుకెళ్లిన ఎండు చింతచిగురు చివర్లో వేస్తే, మా క్యాంపులో ఉన్న తెలుగువాళ్లం ఆరుగురం మాట్లాడకుండా తిన్నాం.

మిగిలింది బిల్టాంగ్, అంటే అక్కడి వాళ్లు ఆరబెట్టి తినే మాంసం. కండ పోగు వెంట వేలెడు మందం పొడుగు ముక్కలు కోసి, వెనిగర్‌లో తడిపి, కిలోకి రెండు మూడు చెంచాల ఉప్పు, దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు, మిరియాలు పట్టించి, ఒక రాత్రి ఉంచి కొక్కేలకి వేలాడదీస్తే ఆ పొడి గాలిలో అయిదారు రోజులకి ఆరిపోతుంది. మా అక్క ఇక్కడ కోడిమాంసంతో చేద్దామంది, నేను వద్దన్నాను, కోడి అలా పచ్చిగా ఆరబెట్టి తినేది కాదు. పైగా మన డెల్టా తేమకి ఏ మాంసమైనా ఆరేలోపే బూజు పడుతుంది, అంతర్వేదిలో చేపలు ఎండాలంటే ఎంత ఉప్పు, ఎంత ఎండ కావాలో చూస్తూనే ఉన్నాం కదా. ధనియాలు మాత్రం ఇక్కడివే పట్టుకెళ్లండి, రెండు కిలోలు.